ఇరవై రెండు ఈతచెట్లు

నా నోరు మంచిది గాదు. ఇది ఎవలో చెప్పంగ ఇన్న ముచ్చట గాదు, నాకే ఎరుక. మాది బోధన్ దిక్కు కాలువ కింద ఊరు. మా ఆయన పోయినంక పదేండ్ల సంది మూడెకరాలు ఒక్కదాన్నే చేసుకుంటున్న. నోరు లేకుంటె ట్రాక్టరోడు రాడు, కాలువ నీళ్ళు మడి దాంక రావు, యూరియా బస్తా సుత దొరకది. అందుకే నా నోటిని నేనెప్పుడు తప్పు పట్టలె. గని రెండేండ్ల కింద ఒక ఎండకాలం నేను చేసిన పనికి నా నోట్లె ఒక్క మాట లేకుండ పోయింది.

మా దిక్కు ఒకప్పుడు చెరుకు. నేను కోడలుగ వచ్చిన కొత్తల ఇంటి ముంగటికెల్లి చెరుకు బండ్లు పోతుంటె పిల్లలు ఎనకవడి గడలు గుంజుకునేటోళ్ళు. ఇప్పుడు ఏ దిక్కు సూసినా వరే. కోత మిషన్ వచ్చి గంటల ఎకరం కోసి పోతది, గడ్డి మాత్రం మడిల పడి ఉంటది. ఇంటింటికి ఎడ్లు, బర్లు ఉన్న దినాలల్ల గడ్డి కోసం కొట్లాడుకునేది. ఇప్పుడు గొడ్డు లేదు గోద లేదు, గడ్డి ఎవలకు కావాలె? అగ్గిపుల్ల గీస్తె అయిపాయె. ఏడాదికి రెండు పంటలు, రెండు సార్లు ఊరంత పొగ. రోడ్డు మీద బండ్లోళ్ళకు ముంగట ఏమున్నదో కనవడది. ముసలోళ్ళు, పసిపిల్లలు, మా ఇంట్ల నా మనవరాలు, అందరు దగ్గుడే దగ్గుడు. నేను గుడ కొంగు ముక్కుకు కట్టుకోని, దగ్గుకుంటనే అగ్గి పెడుతుంటి.

యాసంగి కోతలైనయి. ట్రాక్టరోడు పొద్దుగూకే యాళ్లకు వస్తనన్నడు. గడ్డి అట్లనే ఉంటె నాగళ్ళకు సుట్టుకుంటది, అప్పటిలోపల కాల్చకుంటె పక్కూరికి పోతనని ఫోన్ల బెదిరిచ్చిండు. నాకు నెత్తికెక్కింది. మామూలుగనైతె తెల్లారంగ, గాలి లేనప్పుడు పెడుత. ఆ దినం పంతానికి మిట్టమధ్యాహ్నం పెట్టిన. పెట్టేముందు తెలివి లేదా అంటె మస్తున్నది. బోరు కాడి ప్లాస్టిక్ పైపులన్ని ఇవుతలికి గుంజిన, స్టార్టర్ డబ్బా సుట్టు నీళ్ళు కొట్టిన, పక్క మడిల పసుపు ఏసే ఆయన తిడుతడని ఆ ఒడ్డు గుడ తడిపిన. కాలువ దిక్కు ఒడ్డు మాత్రం తడపలె. అటు ఏమున్నదిలే అనుకున్న. అటు కాలువ గట్టు మీద ఇరవై రెండు ఈతచెట్లు ఉన్నయి.

ఆ చెట్లు మా ఊరి కల్లు గీసే తమ్మునియి. సొంత తమ్ముడు గాదు, ఊరి వరుస. నన్ను అక్కా అంటడు, నేను తమ్మీ అంట. ఆయనకు భూమి లేదు. ఊరి పక్క చెట్లన్ని ప్లాట్లయినంక మిగిలినయి ఈ ఇరవై రెండే. అండ్లకెల్లే ఇల్లు గడవాలె, ఇద్దరు బిడ్డల సదువు నడవాలె. అంతకు ముందు దుబాయిల ఆరేండ్లు ఇటుకలు మోసి, నడుం పాడు చేసుకోని వచ్చిండు. సచ్చినా మల్ల ఆ గడ్డకు పోనని ఎల్లమ్మ ముంగట కొబ్బరికాయ కొట్టి ఒట్టు పెట్టుకున్నడు. ఇదంత నాకు తెల్వక గాదు. నా పైపులు యాదికొచ్చినయి, తమ్ముని చెట్లు యాదికి రాలె. ఉన్న మాట గిదే.

గాలి ఒక్కసారి మర్లింది. మంట ఒడ్డు దుంకి గట్టు ఎక్కింది. ఈత చెట్టుకు కిందికి ఏలాడే ఎండిన మట్టలుంటయి సూడుండ్రి, గవి దొరికితె అగ్గికి అడ్డం లేదు. సర్రున ఒక్కొక్క చెట్టు నెత్తి దాంక మండింది. నేను బోరు పైపు గుంజుకోని ఉరికిన, పైపు సగం దూరం గుడ అందలె. కొంగు తడిపి కొట్టిన. ఒర్రిన. నా ఒర్రుడుకు పసుపాయన, ఇంకిద్దరు ఉరికొచ్చిండ్రు గని వాళ్ళొచ్చేసరికి గట్టు పొడుగున నల్లటి మోడులు నిలవడ్డయి. నేను తడి కొంగు పట్టుకోని ఒడ్డు మీదనే కూసున్న.

తమ్ముడు వచ్చిండు. తిడుతడనుకున్న. తిడితె బాగుండు, నేను గుడ రెండు మాటలు అని తేలికయ్యేదాన్ని. ఆయన నా దిక్కు సూడనే లేదు. చెట్టు చెట్టు కాడికి పోయి బొగ్గయిన మట్టల మీద చెయ్యి పెట్టుకుంట పోయిండు. ఇరవై రెండు అయినంక చెట్టెక్కే మోకు భుజాన ఏసుకోని ఇంటికి పోయిండు. తెల్లారి వాళ్ళింటామె బోరింగు కాడ చెప్పింది, నిజామాబాద్‌ల ఏజెంటుకు ఫోన్ చేసిండట, పాస్‌పోర్ట్ ఎతుకుతున్నడట. ఆ మనిషి మల్ల ఇటుకలు మొయ్య పోతె అది నేను పంపినట్టే.

మూడో దినం ఊరి కమిటీ కూసున్నది. మా జిల్లల ఊరూరికి కమిటీ ఉంటది, తప్పు చేసినోళ్ళను పిలిపిస్తది, జుర్మానా ఏస్తది, డప్పు సాటింపు ఏపిస్తది. ఎప్పుడు నేను అవుతల పక్క కూసోని మాట్లాడేదాన్ని. ఆ దినం నడుమ నిలవడ్డ. తల కొట్టేసినట్టయింది. పెద్దమనుషులు జుర్మానా ఎంత ఏద్దామని తమ్ముణ్ణి అడిగిండ్రు.

"జుర్మానా నాకద్దు," అన్నడు. "ఈ ఏడు అక్క పెట్టింది. నిరుడు మీరు పెట్టిన్రు, ఆ ఏడు మూడు చెట్లు పోయినయి, నేను అడగలె. ఊరంత పెడుతది. గది బంద్ చేస్తె సాలు."

నిజమే గద, అండ్ల అగ్గి పెట్టనోడు ఎవడున్నడు? సూద్దాంలే అని లేసి పోయిండ్రు. సూద్దాం అంటె మా ఊర్ల ఏంది అర్థం, ఏం చెయ్యమని. తమ్ముడు గుడ గదే అనుకున్నట్టున్నడు, మొఖం అట్లనే ఉన్నది. జుర్మానా ఏసుంటె కట్టేసి మర్సిపోయేదాన్ని. ఆయన ఏపియ్యకపోయేసరికి నాకు నిద్రవట్టలె.

తెల్లారి పోయి అడిగిన, చెట్లకు నీళ్ళు పోస్తె ఏమన్న బతుకుతయా అని. ఈత చెట్టు పానమంత నడినెత్తిల ఉంటదట, మొవ్వ అంటరు. పైన కాలినా లోపటి మొవ్వ కాలకుంటె మల్ల ఆకు ఏస్తదట. పోస్తె పొయ్యి అక్కా, అన్నడు. ఏవి బతుకుతయో చెప్పలె, అన్నిటికి పొయ్యాల్నా అంటె ఊ అన్నడు.

కాలువ ఎండిపోయింది, మా బోరు కాడికెల్లి గట్టు దాంక బిందె నెత్తిన పెట్టుకోని నడవాలె. రోజుకు ఇరవై రెండు బిందెలు. పొద్దున కరెంటుంటె పొద్దున, లేకుంటె ఎండ తగ్గినంక. మొదటి వారం మెడ పట్టేసింది. రోడ్డు మీద పోయేటోళ్ళు బండ్లాపి మరీ నవ్విండ్రు. బొగ్గులకు నీళ్ళు పోస్తుంది, చిగురేస్తె మాకు గుడ చెప్పు అని ఒకడు. వాని ఏడు తరాలు ఎత్తి తిట్టిన, గని బిందె మాత్రం దించలె. చెట్లతోని గుడ కొట్లాడిన. అరే, నెల దినాలాయె, ఒక్క పచ్చటి పోగన్న ఎల్లదా, నా నడుం ఏమన్న ఇనుమా అని. తమ్ముడు రోజు వచ్చి గట్టు మీద కూసునేటోడు. కాంటా కాడ వడ్ల బస్తాలు ఎత్త పోతుండె, పోయేముందు వచ్చేటోడు. ఎక్కువ మాట్లాడకపోయేది. నా మీద గుస్స పోలేదేమో అనుకునేదాన్ని. అడిగే ధైర్యం లేకుండె.

కొన్ని దినాలకు మా మహిళా సంఘంల ఒకామె బిందె పట్టుకోని వచ్చింది. ఆమె బీడీలు చుడుతది, చాటల ఆకు పక్కకు పెట్టి వచ్చింది. ఎందుకొచ్చినవే అంటె, నువ్వు ఒక్కదానివే తిట్టుకుంట తిరుగుతుంటె ఊరికి మంచిది గాదు అన్నది. ఎనక ఇంకిద్దరు. మిరుగు కార్తె ఆనలు పడేదాంక మేము నలుగురం పోసినం. ఆ ఆడోళ్ళకు నేనేం పెట్టలె, ఏం చెప్పలె. ఇప్పటికి యాదికొస్తె నా కండ్లు నిండుతయి.

ఆనలు పడ్డ పదిహేను దినాలకు ఒక చెట్టు నడుమకెల్లి పసుపుపచ్చటి సూది లాంటిది లేసింది. నేను సూసి ఒర్రిన ఒర్రుడుకు నాట్లేసేటోళ్ళు పామనుకోని ఉరికొచ్చిండ్రు. తర్వాత ఇంకోటి, ఇంకోటి. దసర వచ్చేసరికి పద్నాలుగు చెట్లు ఆకేసినయి. ఎనిమిది ఎయ్యలె. నవ్వినోళ్ళు గుడ బండ్లాపి లెక్కవెట్టుడు షురూ చేసిండ్రు. పద్నాలుగు చెట్లతోని తమ్ముని ఇల్లు కష్టంగనన్న గడుస్తది. గని ఆకేసినంత మాత్రాన అయిపాయెనా? ముంగట వానాకాలం కోతలున్నయి, ఊరంత మల్ల అగ్గి పెడుతది. లేత ఆకు, ఒక్క నిప్పురవ్వ సాలు. ఇంకొక్కసారి కాలితె నేను పోతనక్కా అని తమ్ముడు మెల్లగ ఒక మాటన్నడు. ఏజెంటు ఫోన్లు ఆగలేదని అప్పుడు తెలిసింది.

నేను ఇంటింటికి పోయిన. కాల్చకుండ్రి అన్న. ఎవలైనా ఏమంటరు? అగ్గి పెట్టినామె అగ్గి వద్దంటుంది సూడు అని మొఖం మీదనే అన్నరు. నిజమే, నేను సప్పుడు చెయ్యక ఇన్న. ఇన్నేండ్లల్ల నేను తిరిగి ఒక్క మాట అనకుండ వచ్చుడు గదే మొదలు. టీవీల భూమి ఏడెక్కుతున్నది, మంచు కరుగుతున్నది అని చెప్తరు. నాకు ఆ మంచు ఏడున్నదో తెల్వది, దాన్ని నేనేం పట్టుకుంట? ఈ కాలువ గట్టు తెలుసు. గిది పట్టుకుంట అనుకున్న. గని అగ్గి వద్దంటె గడ్డి ఏడ పెట్టాలె అని అడిగిండ్రు చూడు, దానికి నా దగ్గర జవాబు లేకుండె.

జవాబు తమ్ముడే తెచ్చిండు. దుబాయిల ఆయనతోని ఒక్క గదిల ఉన్న భాయ్ ఒకాయన ఇప్పుడు బోధన్‌ల బర్ల తబేలా పెట్టుకున్నడు. మేత కోసం గడ్డి ఎక్కడెక్కడి నుంచో తెప్పిచ్చుకుంటున్నడట. ఇద్దరం పోయినం. భాయ్ మాకు చాయ్ తాపిచ్చి, మొత్తం ఇని, గడ్డిని చుట్టలు కట్టే మిషన్ తెస్తనన్నడు. మీ గడ్డి నాకియ్యుండ్రి, నా తబేలా ఎరువు మీరు తీస్కపోండ్రి, పైసల ముచ్చటే లేదు అన్నడు. ఒక్కటే షరతు. ఒక ఎకరానికి, రెండెకరాలకు మిషన్ రాదు. కాలువ కింది మడులన్ని ఒక్కసారి ఉండాలె, మిషన్ వచ్చేదాంక కోతలైనంక ఐదారు దినాలు ఆగాలె. వచ్చేటప్పుడు మా చేతుల ఒక పాల సీసా పెట్టిండు. ఆ భాయ్ సల్లగుండాలె.

ఐదారు దినాలు ఆగుడంటె మాటలా? ట్రాక్టర్లు దొరకయి, అందరికి తొందరే. అయినా ఎరువు పేరు ఇనంగనే సగం మంది మెత్తవడ్డరు. బస్తాల మందు ఏసి ఏసి మా భూములు గచ్చు లెక్క అయినయి, పెండ ఎరువు సూసి ఏండ్లయింది. కమిటీ పెద్దమనుషులు గుడ ఈ సారి సూద్దాం అనలె, డప్పు సాటింపు ఏపిచ్చిండ్రు. ఒకరొకరు ఒప్పుకున్నరు. ఒప్పుకోనిది ఒక్కాయనే. గాలి ఆయన మడి మీదికెల్లే చెట్ల దిక్కు కొడుతది. వరుసకు నాకు మామ.

గిక్కడ నా నోరు పనికి రాదు. మా దిక్కు కోడలు మామ ముంగట కుర్సీల కూసోది, గొంతు లేపది. ఊరందరిని తిట్టిన దాన్ని, ఆయన ఎదురువడితె కొంగు కప్పుకోని పక్కకు జరుగుత. ఆయనను మందలిచ్చే హక్కు నాకు లేదు. నా ట్రాక్టర్ ఎల్లుండి వస్తది, ఆగేది లేదు, రేపు కాలుస్త అని కబురు పంపిండు. మిషన్ రావడానికి ఇంక మూడు దినాలున్నయి.

సంఘం ఆడోళ్ళను పిలిచిన. పదకొండు మందిమి తెల్లారకముందే ఆయన మడిల దిగినం. చేతులతోని, పంగల కర్రలతోని ఎకరంనర గడ్డి ఎత్తి ఒడ్డు మీద కుప్పేసినం. పది గంటలకు మామ చేతుల అగ్గిపెట్టె పట్టుకోనే వచ్చిండు. మడి సాఫుగున్నది, ట్రాక్టర్ తోలుకోవచ్చు. మేము బురదకాళ్ళతోని ఒడ్డు మీద కూసోని సద్దులు ఇప్పుతున్నం. నేను కొంగు కప్పుకోని లేసి నిలవడ్డ. ఆయన మడి దిక్కు సూసిండు, మా దిక్కు సూసిండు, ఒడ్డు మీద ఇన్ని దోసకాయలుంటె తెంపి మా ముంగట పెట్టి పోయిండు. ఆ దోసకాయలు ఎంత తియ్యగున్నయంటె ఏం చెప్పాలె.

మిషన్ వచ్చింది, అందరి మడుల గడ్డి చుట్టలు చుట్టలుగ లారీలెక్కింది. ఆ ఏడు మా కాలువ కింద పొగ లేవలె. కాలువ అవుతల ఊర్లల్ల లేసింది, అబద్ధం ఎందుకు చెప్పాలె. మా ఒక్క ఊరితోని ఆకాశం సాఫు అయితదా? కాదు. గని నా మనవరాలు ఆ నెలంత దగ్గలె. నాగలి ఎనక తెల్ల కొంగలు దిగినయి, చాన ఏండ్లకు మట్టిల ఎర్రలు కనవడ్డయి. మొన్న యాసంగికి అవుతల ఊరోళ్ళు వచ్చి భాయ్ ఫోన్ నంబర్ అడిగిండ్రు. ఇచ్చిన. ఎట్ల చేసిండ్రని అడిగితె నేను గంట సేపు చెప్పిన, వాళ్ళే లేసి పోయిండ్రు.

ఈ సలికాలం తమ్ముడు మల్ల చెట్లు గీసిండు. బాగా కోలుకున్న ఆరు చెట్లే మొదలు పెట్టిండు, తక్కినయి ఇంకొక ఏడు ఆగాలె. మొదటి లొట్టి కల్లు ఎల్లమ్మకు పోసిండు, ఆ తర్వాత మడికి వచ్చి నా ముంగట కల్లు పోసిన ఆకు రేక పట్టిండు. తాగబుద్ధి కాలె. ఇన్ని దినాలు నీళ్ళు మోసిన, ఊరంత తిరిగిన, గని ఒక్క మాట నేను ఆయనతోని అనలె. పెద్ద నోరు ఉన్నోళ్ళకు గ ఒక్క మాటనే రాది. ఆ దినం అన్న. తప్పయింది తమ్మీ, నీ పొట్ట కొట్టిన అన్న. ఆకెయ్యని ఆ ఎనిమిది చెట్లు నా పానం తీస్తున్నయి, నేను ఇంకిన్ని నీళ్ళు పోసుంటె బతుకుతుండెనేమో అన్న.

ఆయన మోకు సర్దుకున్నడు.

"అవి బతకయని నాకు రెండో దినమే ఎరుక అక్కా. మొవ్వల చెయ్యి పెట్టి సూసిన, లోపట ఉడికి ఉన్నది."

నాకు సర్రున కోపమొచ్చింది. మరి నెలన్నర దినాలు సచ్చిన చెట్లకు నాతోని ఎందుకు నీళ్ళు మోపిచ్చినవుర, నా మెడ చూడు, ఇప్పటికి తిరగది అని మీదికి పోయిన.

"నువ్వు అడిగిన దినం ఊకనే ఊ అన్న, తర్వాత చెప్దామనే గట్టు కాడికి వచ్చిన," అన్నడు. "పాస్‌పోర్ట్ అంగి జేబులనే ఉండె. నీకు చెప్పి, అటే నిజామాబాద్ బస్సు ఎక్కుదామని. వచ్చేసరికి నువ్వు బిందె దించుతున్నవు, చెట్టును తిడుతున్నవు. జర సేపు కూసోని పోదాం అనుకున్న. కూసున్న. బస్సు పోయింది. తెల్లారి మల్ల వచ్చిన, మల్ల నువ్వు ఉంటివి."

రోజు గట్టు మీద కూసోని ఆయన నా మీది గుస్సతోని ఉన్నడనుకున్న నేను. రోజు జేబుల పాస్‌పోర్ట్ పెట్టుకోని వచ్చేటోడట, రోజు బస్సు పోయేదట. నాకు ఏడుపు ఆగలె. రేక తీసుకోని తాగిన, సగం కల్లు మీదనే ఒలికింది, తమ్ముడు నవ్వుకుంట ఇంకింత పోసిండు.